రూపాయికి పన్నెండణాల పని



అందుబాటులో కాగితం, కలం ఉంటే దగ్గర పెట్టుకోండి. లేకపోయినా ఇబ్బంది లేదు, అంకెలు తక్కువే, నిదానంగా చెబుతాను. రేడియోలో నల్లబల్ల ఉండదు కాబట్టి ఈ పూటకి మా ఇంటి ప్రహరీ గోడనే నల్లబల్ల అనుకుందాం.

పదేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను రిటైరై ఏడాది కావస్తోంది. మా అమ్మాయి నిశ్చితార్థం ఇంటి వెనక ఖాళీ స్థలంలో షామియానా వేసి చేద్దామనుకున్నాం. ఆ స్థలం చుట్టూ పునాది ఎప్పుడో పడింది గానీ పైన గోడ లేవలేదు. పునాది మీద తుమ్మకంప అడ్డం వేసి ఉండేది. వియ్యాలవారు వచ్చేసరికి కంప పోయి గోడ రావాలి. ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళవాళ్ళ గోడలకు ఎస్టిమేట్లు వేసినవాణ్ణి, నా గోడకు వేసుకోకుండా ఉంటానా? పొడవు 100 మీటర్లు. ఇటుక కట్టుబడి మీటరుకు 2,000, పైన ప్లాస్టరింగు మీటరుకు 1,000. అంటే పూతతో సహా మీటరు గోడ 3,000, మొత్తం 3 లక్షలు. రోజుకు 10 మీటర్ల చొప్పున 10 పనిరోజులు. సరుకు నేను తెప్పించాలి, కూలి ఏ రోజుకారోజు ఇవ్వాలి. నిశ్చితార్థం 12వ పనిరోజు మర్నాడు. చేతిలో రెండు రోజులు మిగులు ఉందని ధైర్యం.

నా నోటుబుక్కులో అసలు అంకెలు ఇంత గుండ్రంగా లేవు. మీ చెవికి ఎక్కాలని గుండ్రం చేశాను. కథ మాత్రం అదే.

ఆరో రోజు సాయంత్రం మేస్త్రీ తాపీ కడుక్కుంటూ అన్నాడు: "57 మీటర్లు లేచింది సార్. 60కి మూడే తక్కువ. రేపు పొద్దున్నే లాగేస్తాం." చూస్తే నిజమే. గోడ బారుగా కనిపిస్తోంది. జేబులో ఖర్చుల చిట్టా తీసి చూశాను. ఆరు రోజులకు 1,80,000 అవుతుందని లెక్క వేసుకున్నాను, అయింది 1,60,000. ఇరవై వేలు కలిసొచ్చాయి! లోపలికి వెళ్ళి ఆ మాటే మా ఆవిడతో అన్నాను. ఆవిడ సంతోషించి, ఆ ఇరవై వేలతో ఏం కొనాలో కూడా అక్కడికక్కడే చెప్పేసింది.

భోజనాలయ్యాక మనసు ఊరుకోలేదు. టార్చిలైటు, టేపు పట్టుకుని వెళ్ళాను. కట్టుబడి 57 మీటర్లు, సరే. ప్లాస్టరింగు? 21 మీటర్ల దగ్గర ఆగిపోయింది. పూతకు కావలసిన సన్న ఇసుక ట్రాక్టరు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఈలోపు మేస్త్రీలు ఖాళీగా కూర్చోకుండా ఇటుక పేర్చుకుంటూ పోయారు. దూరం నుంచి చూసేవాడికి గోడ పొడవే కనిపిస్తుంది గానీ, టార్చి వేస్తే తప్ప పూత ఎక్కడ ఆగిందో తెలియదు.

ఇప్పుడు కలం పట్టుకోండి. 57 మీటర్ల కట్టుబడి, మీటరుకు 2,000 చొప్పున 1,14,000. 21 మీటర్ల పూత, మీటరుకు 1,000 చొప్పున 21,000. రెండూ కలిపితే 1,35,000. ఆరు రోజుల్లో జరిగిన పని విలువ అది. ఇది నా ఎస్టిమేటు ధరతో కట్టిన విలువ, నేను పెట్టిన ఖర్చుతో సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా సులువు.

కాగితం మీద మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి వేయండి. ఆరో రోజుకు జరగాలనుకున్న పని 1,80,000. దీన్ని ప్లాన్డ్ వాల్యూ అంటారు. జరిగిన పని 1,35,000. ఇది ఎర్న్‌డ్ వాల్యూ, అంటే పని తనకు తానుగా సంపాదించుకున్న విలువ. అయిన ఖర్చు 1,60,000. ఇది యాక్చువల్ కాస్ట్. సాయంత్రం నేను చేసిన పొరపాటు ఏమిటంటే, మొదటి అంకెనూ మూడో అంకెనూ మాత్రమే పక్కపక్కన పెట్టి చూసుకోవడం. మధ్య అంకె లేకుండా ఆ రెంటినీ పోలిస్తే, పని తగ్గడం వల్ల ఖర్చు తగ్గిందా, నిజంగానే ఆదా అయిందా అన్నది ఎవరికీ తెలియదు.

జరిగిన పనిలోంచి జరగాల్సిన పని తీసేయండి. 1,35,000లోంచి 1,80,000 పోతే మైనస్ 45,000. దీని పేరే షెడ్యూల్ వేరియన్స్. మనం గడువు తేడా అందాం. మైనస్ వస్తే వెనకబడ్డాం, ప్లస్ వస్తే ముందున్నాం. ఇక జరిగిన పనిలోంచి అయిన ఖర్చు తీస్తే మైనస్ 25,000. కలిసొచ్చాయనుకున్న ఇరవై వేలు పోగా, పాతిక వేలు చేతి నుంచి పోయాయన్నమాట. మా ఆవిడకు ఈ సంగతి ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడు కాఫీ తాగాక చెప్పాను.

తీసివేతకు బదులు భాగహారం చేస్తే ఇంకో అంకె వస్తుంది. 1,35,000ని 1,80,000తో భాగిస్తే 0.75. దీన్ని షెడ్యూల్ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్ అని పెద్ద పేరుతో పిలుస్తారు. మా నాన్నగారి తరం వాళ్ళకైతే ఒక్క మాటలో అర్థమయ్యేది: రూపాయి పని జరగాల్సిన చోట పన్నెండణాల పని జరిగింది. మూడు లక్షల గోడకూ, మూడు వేల కోట్ల ఆనకట్టకూ ఈ అంకెను ఒకేలా చదువుకోవచ్చు. మైనస్ 45,000 అనే మాట గోడకైతే పెద్దది, ఆనకట్టకైతే పేనుతో సమానం. పన్నెండణాలు మాత్రం ఎక్కడైనా పన్నెండణాలే.

ఇదంతా అమెరికా నుంచి వచ్చిన విద్య అంటారు. నిజమే, ఆ సంగతికి వస్తాను. కానీ సగం విద్య మన పి.డబ్ల్యు.డి. బీరువాల్లో ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ ఉంది. ఎంబీ అని విని ఉంటారు, మెజర్‌మెంట్ బుక్కు. కంట్రాక్టరు ఎంత ఖర్చు పెట్టాడో ఎంబీకి అక్కర్లేదు. ఇంజనీరు టేపు పట్టి పొడవు, వెడల్పు, ఎత్తు రాస్తాడు, ఒప్పుకున్న రేటుతో గుణిస్తాడు, ఆ విలువకే బిల్లు. ఉపాధి హామీలో మట్టి తవ్వినవాళ్ళకూ గుంట కొలిచే కూలి కడతారు. ఎర్న్‌డ్ వాల్యూ అంటే ఇదే. మా దగ్గర లేనిదల్లా ఒక్కటి: ఎంబీ పక్కన, ఈ తేదీకి ఎంత విలువ పని జరగాలి అనే రెండో కాలమ్. బార్ చార్టు గోడకు తగిలించి ఉండేది, ఎంబీ బీరువాలో ఉండేది. ఆ రెంటినీ ఒకే బల్ల మీద పెట్టి చూసినవాణ్ణి నా ఉద్యోగంలో నేను పెద్దగా చూడలేదు. నేనూ పెట్టలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఏం చేస్తాం.

అమెరికాలో ఆ రెంటినీ ఒక బల్ల మీదికి తెచ్చింది క్షిపణులు. 1958లో అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి తయారు చేసుకుంది. ఏ పని తర్వాత ఏ పని, ఏది ఆగితే ఏది ఆగుతుంది అనే గీతల వల అది. 1962లో ఆ వలకు డబ్బు లెక్క కూడా కట్టి పెర్ట్ కాస్ట్ అన్నారు. అది మరీ బరువై కంపెనీలు విసుక్కున్నాయి. వైమానిక దళం తన మినిట్‌మన్ క్షిపణి పనిలో అందులోంచి ఎర్న్‌డ్ వాల్యూ అనే ఒక్క ఆలోచనను పట్టుకుంది. 1967 డిసెంబరులో రక్షణ శాఖ దాన్ని 35 నియమాలుగా రాసి, పెద్ద కంట్రాక్టులు తీసుకునే ప్రతి కంపెనీ ఈ లెక్క చూపించాలంది. అప్పట్లో ఈ అంకెలకు బీసీడబ్ల్యూఎస్, బీసీడబ్ల్యూపీ అని నాలుక తిరగని పేర్లు ఉండేవి. ఎర్న్‌డ్ వాల్యూ అన్న పేరు స్థిరపడ్డాకే మామూలు జనం నోటికి పట్టింది.

ఈ లెక్క చెవిన పెట్టకపోతే ఏమవుతుందో అక్కడే ఒక కథ ఉంది. ఏ-12 అవెంజర్ అని నౌకాదళానికి ఒక యుద్ధవిమానం చేయాలనుకున్నారు. రాడారుకు చిక్కనిది, త్రికోణాకారంలో, చూడడానికి సమోసాను నొక్కి పలచన చేసినట్టుంటుంది. మెక్‌డొనెల్ డగ్లస్, జనరల్ డైనమిక్స్ అనే రెండు కంపెనీలు కలిసి 1988లో ఒప్పందం చేసుకున్నాయి. నెలనెలా లెక్కలు వెళ్తూనే ఉన్నాయి. జరగాల్సిన పనికీ జరిగిన పనికీ మధ్య తేడా పెరుగుతోందని ఆ కాగితాల్లో కనిపిస్తూనే ఉంది. పైకి వెళ్ళేకొద్దీ మాట మెత్తబడింది. 1990 ఏప్రిల్‌లో రక్షణ మంత్రి డిక్ చెనీ, కొనే విమానాల సంఖ్య తగ్గిస్తామన్నారు గానీ కార్యక్రమం సాగుతుందనే చట్టసభకు చెప్పారు. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీలు వచ్చి, గడువులో కాదు, ఒప్పుకున్న గరిష్ఠ ధరలోనూ కాదు అని చేతులెత్తేశాయి. నౌకాదళం తరఫున చెస్టర్ పాల్ బీచ్ అనే న్యాయ నిపుణుడు విచారణ చేశారు. అంకెలు ముందే హెచ్చరించాయి, బాధ్యులే వాటిలో ఆశావహమైన అర్థాన్ని ఎంచుకున్నారు అన్నది దాని సారం. 1991 జనవరి 7న చెనీ ఆ విమానాన్ని రద్దు చేశారు. ఒక్కటీ గాల్లోకి లేవలేదు. కోర్టు వ్యాజ్యం మాత్రం 2014 దాకా ఎగిరింది.

అక్కడ లెక్క సరిగ్గానే ఉంది. మైనస్ అంకెను నోటితో చదివి ప్లస్ అంకెగా చెవిలో వేసుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ ఎక్కువ చోట్ల లెక్క చేరే ముందే, అంటే జరిగిన పనికి విలువ కట్టే చోటే తేడా వస్తుంది.

మా గోడ పని ఏడో రోజున మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది. తనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గోడ సంగతి చెబితే నవ్వింది. "నాన్నా, నీకు టేపు ఉంది. మా దగ్గర టేపు ఏది? ఎంతవరకు వచ్చింది అని అడిగితే తొంభై శాతం అయింది అంటారు. వచ్చే వారం అడిగినా తొంభయ్యే. ఆ మిగతా పది శాతానికి ఇంకో రెండు నెలలు పడుతుంది."

"మరి మీ మేనేజరు ఏం రాసుకుంటాడమ్మా?" అన్నాను.

"తొంభై అనే రాసుకుంటాడు. ఇంకేం రాస్తాడు!"

తెలుగులో దీన్ని కాకిలెక్క అంటారు. కాకుల్ని లెక్కపెట్టడం మొదలుపెడితే కొన్ని ఎగిరిపోతాయి, కొన్ని వచ్చి వాలతాయి, ఎంతన్నా కాదనేవాడు ఉండడు. ఈ తొంభై శాతం జబ్బుకు ఎర్న్‌డ్ వాల్యూ శాస్త్రంలో ఒక మొరటు మందు ఉంది. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్క పూర్తిగా ముగిస్తేనే దాని విలువ ఇవ్వడం, ముగియకపోతే సున్నా. సగంలో ఉన్నదానికి పైసా లేదు. కొంచెం దయ చూపిస్తే, మొదలుపెట్టగానే సగం, ముగిశాక మిగతా సగం. ఇది అన్యాయంగా కనిపిస్తుంది. రాత్రంతా పని చేసినవాడికి సున్నా వేయడమేమిటి అని మా అమ్మాయీ అంది. కానీ ముక్కలు వారం పది రోజుల్లో తేలేంత చిన్నవైతే ఆ అన్యాయం వచ్చే వారానికల్లా సర్దుకుంటుంది. అబద్ధం మాత్రం అలా సర్దుకోదు. అందుకే నాకు మొరటు మందే ఇష్టం. గోడ విషయంలో నేను మెత్తబడ్డాను, కట్టుబడికీ పూతకూ విడివిడిగా విలువ ఇచ్చాను. మొరటుగా, పూత పడిన గోడే గోడ అని ఉంటే, ఆరో రోజుకు 21 మీటర్లే. 63,000. రూపాయికి ఆరణాలైనా రాలేదు. మేస్త్రీ ఆ మాట వింటే తాపీ అక్కడే పారేసి వెళ్ళిపోయేవాడు.

ఇక అసలు చిక్కు. మైనస్ 45,000 అన్నాం కదా. గోడ ఎన్ని రోజులు వెనకబడింది? అడిగిన ప్రశ్న రోజుల్లో ఉంది, జవాబు రూపాయల్లో వచ్చింది. బస్సు ఎంత లేటు అని అడిగితే నాలుగొందల రూపాయలు లేటు అన్నట్టుంటుంది. గోడకైతే రోజుకు 30,000 పని కాబట్టి 45,000 అంటే రోజున్నర అని నోటితోనే తేల్చవచ్చు. నిజం పనులు ఇంత సమంగా నడవవు. మొదట నెమ్మదిగా, మధ్యలో జోరుగా, చివర మళ్ళీ నెమ్మదిగా పోతాయి. అక్కడ రూపాయలను రోజులుగా మార్చడం ఈ భాగహారంతో కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు నా నోటుబుక్కులో పదో రోజు తర్వాత బయటపడింది. ఏడో రోజు నుంచి మా గోడ అదే నడకతో, రూపాయికి పన్నెండణాల చొప్పునే నడిచింది. కొంచెం ఓపిక పట్టి ఈ అంకెలు వినండి. పదో రోజు: జరగాల్సింది 3,00,000, జరిగింది 2,25,000. తేడా మైనస్ 75,000. పదకొండో రోజు? జరగాల్సింది ఇంకెక్కడికీ పెరగదు, గోడ అంతా 3 లక్షలే కదా, అక్కడే ఆగిపోతుంది. జరిగింది మాత్రం 2,47,500కి వచ్చింది. తేడా మైనస్ 52,500. పన్నెండో రోజు మైనస్ 30,000. పదమూడో రోజు మైనస్ 7,500. పద్నాలుగో రోజు గోడ పూర్తయింది, తేడా సున్నా. పన్నెండణాల ఇండెక్సు కూడా పన్నెండో రోజుకు తొంభై పైసలైంది, ఆఖరికి నిండు రూపాయి అయింది.

ఒక్క మేస్త్రీ అదనంగా రాలేదు. ఒక్క గంట ఎక్కువ పని జరగలేదు. గడువు దాటిన దగ్గర నుంచి, దాటినకొద్దీ, అంకె అందంగా తయారైంది. పదేళ్ళు ఆలస్యమైన వంతెన అయినా సరే, పూర్తయిన రోజున దాని షెడ్యూల్ వేరియన్స్ సున్నాయే. జరగాల్సిన పని మొత్తం జరిగిపోయింది కాబట్టి తీసివేతలో ఇంకేమీ మిగలదు. లెక్క తప్పు కాదు. అది అడిగేది ఎంత పని మిగిలింది అని. ఎంత కాలం పోయింది అని అది ఎన్నడూ అడగలేదు. మనమే ఆ పేరు చూసి మోసపోయాం.

ఈ సంగతి నాకు గోడ దగ్గర తెలిసింది గానీ, దాన్ని పట్టుకుని మందు కనిపెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో సాఫ్ట్‌వేర్ విభాగం నడిపిన వాల్ట్ లిప్కీ 2003లో ఒక వ్యాసం రాశారు. ఆయన ప్రశ్న తిప్పి అడిగారు. ఇంత పని జరిగింది కదా, ప్లాను ప్రకారం ఇంత పని ఏ రోజుకు జరగాలి? ఆ రోజుకూ ఈ రోజుకూ ఎంత దూరం? ఆ పద్ధతిని ఎర్న్‌డ్ షెడ్యూల్ అన్నారు. తీసివేత అదే, రూపాయలకు బదులు రోజులు. ఇది 1967లోనే ఎవరికైనా తట్టి ఉండాల్సిందని నాకనిపిస్తుంది. ముప్పై ఆరేళ్ళు పట్టింది!

మన గోడకు వేసి చూడండి. ఆరో రోజు జరిగిన 1,35,000 పని ప్లాను ప్రకారం నాలుగున్నర రోజులకే కావాలి. కాబట్టి రోజున్నర వెనక. పన్నెండో రోజు జరిగిన 2,70,000 పని తొమ్మిదో రోజుకే కావాలి. మూడు రోజులు వెనక. పాత లెక్క అదే రోజున తొంభై పైసలు అని వీపు తట్టింది. పదమూడో రోజు మూడుంబావు రోజులు వెనక. ఈ అంకె సిగ్గుపడి సున్నా దగ్గరికి జరగదు, పని పూర్తయిన రోజున కూడా ఆలస్యాన్ని ఆలస్యంగానే చూపిస్తుంది. మన కేంద్ర గణాంకాల శాఖ 150 కోట్లు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టుల మీద ఇచ్చే నివేదికల్లోనూ ఆలస్యాన్ని నెలల్లోనే చెబుతారు, రూపాయల్లో కాదు. ఖర్చు పెరుగుదల వేరే కోట్లలో ఉంటుంది. పత్రికల్లో చదివే మామూలు మనిషికి అర్థమయ్యేది అదే మరి.

అయితే రోజుల్లో కొలిచినా తప్పించుకునే దొంగ ఇంకొకడు ఉన్నాడు. ఉద్యోగంలో నాకు తగిలాడు. ఒక ఊళ్ళో హాస్టల్ భవనం కడుతున్నాం. నాలుగో నెలకు మొదటి స్లాబు పడాలి. ఇనుము రాక సెంట్రింగు పలకలు ఎండకు ఆరుతున్నాయి. కంట్రాక్టరు తెలివైనవాడు. కూలీలను ఊరికే కూర్చోబెట్టకుండా సంపు తవ్వించాడు, ప్రహరీ లేపాడు, బోరు వేయించాడు. అవన్నీ ఎనిమిదో నెలలో చేయాల్సిన పనులు. నెల చివర ఎంబీ కూడితే, స్లాబు విలువ పోయినా మిగతావి కలిపి జరగాల్సినదానికంటే లక్ష రూపాయలు ఎక్కువే వచ్చింది. పైవాళ్ళకు పంపిన రిపోర్టులో ముందున్నాం అని రాశాం. అబద్ధం కాదు. కానీ స్లాబు లేకపోతే పై అంతస్తు లేదు, గోడలు లేవు, కరెంటు పైపులు లేవు, తలుపులు లేవు. ఆ నెల ఆగిన ఒక్క స్లాబు మొత్తం హాస్టల్‌ను ఒక నెల ఆపింది. సంపు నిండా నీళ్ళున్నాయి, తాగడానికి పిల్లలు లేరు.

షెడ్యూల్ వేరియన్స్‌కు అన్ని పనులూ ఒకటే, రూపాయి రూపాయే. ఏ పని ఆగితే ఇల్లంతా ఆగుతుందో దానికి తెలియదు. అది తెలిసింది పొలారిస్ కాలం నాటి గీతల వలకు. దానిలో అతి పొడవైన గొలుసును క్రిటికల్ పాత్ అంటారు. ఆ గొలుసులోని పనులకు మాత్రమే విడిగా గడువు తేడా వేసుకుని చూడమని అనుభవజ్ఞులు చెబుతారు. ఇనుము కుప్పగా దించి దాన్ని కూడా జరిగిన పనిలో కలిపే అలవాటు ఇంకొకటి ఉంది, దాని గురించి మాట్లాడడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం చాలదు.

మా గోడ దగ్గరికి వచ్చేద్దాం. పన్నెండో పనిరోజు సాయంత్రానికి కట్టుబడి 100 మీటర్లూ లేచింది. పూత 70 మీటర్లు. వీధి వైపు, సరిగ్గా షామియానా వెనక 30 మీటర్లు ఎర్ర ఇటుక. మర్నాడు నిశ్చితార్థం. మేస్త్రీ తల గోక్కుంటూ, "రాత్రికి లైట్లు పెట్టి చేసేస్తాం సార్," అన్నాడు. "పచ్చి పూత మీద వియ్యాలవారి పట్టుచీరలు ఆనిస్తావా," అన్నాను. టెంటు హౌసు అబ్బాయిని పిలిపించి, 30 మీటర్లకు మెరూన్ రంగు పరదాలు కట్టించాను. అద్దె ఎంతో ఇప్పుడు గుర్తు లేదు, ఖర్చు కాలమ్‌లో రాసే ఉంటాను. గోడ మొత్తం ఖర్చు చివరికి 3,55,000 దాటింది.

నిశ్చితార్థం అయిపోయి, మిగతా రెండు రోజుల పని కూడా ముగిశాక, ఆఖరి సాయంత్రం నోటుబుక్కులో చివరి వరస రాస్తున్నాను. జరగాల్సింది 3,00,000. జరిగింది 3,00,000. తేడా సున్నా. మా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసి, "సున్నా వచ్చిందిగా, అయితే ఆలస్యం ఏమీ కాలేదన్నమాట," అంది.

సున్నా పక్కన చిన్న అక్షరాలతో 'నాలుగు రోజులు' అని రాసి పుస్తకం మూసేశాను.

ఆ నిశ్చితార్థం ఫోటోలు మొన్న మనవరాలికి చూపిస్తున్నాను. ఒక ఫోటోలో వియ్యంకుడుగారు తాంబూలం అందుకుంటున్నారు. వెనకాల పరదా గాలికి ఒక మూల పైకి లేచింది. అక్కడ మూడు వరసల ఇటుకలు, మధ్యలో ఇంకా గీకని సిమెంటు.